ఎండలకూ అకాల వానలకూ మిద్దె తోటను నిలబెట్టుకోవడం ఎలా

“రోజుకు రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా మొక్కలు మాడిపోతున్నాయి, ఏం చేయాలి?” మార్చి వచ్చిందంటే మిద్దె తోటలు పెంచేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. జూలై, ఆగస్టుల్లో మళ్ళీ వాళ్ళే, “వానలు పడ్డాక ఆకులు పసుపు రంగుకు తిరిగి మొక్కలు కుళ్ళిపోతున్నాయి” అంటారు. అందుకే రెండింటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

రెండు సమస్యలకూ మూలం కుండీలోనే ఉంది. నేలలో పెరిగే మొక్కకు ఎండ ముదిరితే వేళ్ళు లోతుకు, చల్లటి మట్టిలోకి పోతాయి. వాన ఎక్కువైతే నీరు కిందికి ఇంకిపోతుంది. డాబా మీద గ్రో బ్యాగులో, అంటే మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచిలో, ఉన్న మొక్కకు ఆ వీలు లేదు. పక్కల నుంచి ఎండ, కింద నుంచి శ్లాబు వేడి వేళ్ళకు నేరుగా తగులుతాయి. దానికి తోడు ఇప్పుడు ఫిబ్రవరి చివరికే ఎండలు ముదురుతున్నాయి, ఏప్రిల్, మే నెలల్లో వడగాలుల మధ్యే వడగళ్ళు పడుతున్నాయి, నెల వాన ఒక్క రోజులో కురుస్తోంది. ఆకు వాడిందని నీళ్ళు పోయడం కాకుండా, వేళ్ళున్న మట్టి వేడినీ తడినీ చూసుకుంటూ పోతే తోట నిలబడుతుంది. కింద చెప్పేవన్నీ దానికోసమే.

ఇది హైదరాబాద్, వరంగల్, విజయవాడ, కర్నూలు లాంటి ఊళ్ళలో మామూలు డాబా ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ చేసుకోవాల్సిన మార్పులు మధ్యలో చెబుతాను.

కావలసినవి

- 15 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న గ్రో బ్యాగులు. పాత పెయింట్ డబ్బాలు, పగిలిన టబ్బులు, కూలర్ బాడీలు కూడా పనికొస్తాయి. ఆకుకూరలకు 8 లేదా 9 అంగుళాల లోతు చాలు.
- ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వేప పిండి
- ఎండుటాకులు లేదా వరిగడ్డి
- 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే వల), కట్టడానికి పైపులు లేదా వెదురు బొంగులు, నైలాన్ తాడు
- సున్నం, పాత గోనెసంచులు, ఇటుకలు
- మూతి చిన్నగా ఉండే మట్టి కుండలు
- వేపనూనె, కుంకుడుకాయలు, పసుపు జిగురు అట్టలు
- వాన నీటికి ఒక డ్రమ్ము, దాని మీద కట్టడానికి దోమతెర గుడ్డ

అన్నీ ఒకేసారి కొనాల్సిన పనిలేదు. డబ్బులు కొద్దిగానే ఉంటే ముందు షేడ్‌నెట్ కొనండి. మిగతావాటిలో సగం ఇంట్లోనో వీధిలోనో దొరుకుతాయి.

1. ముందు బరువు లెక్క చూసుకోండి

జనం తిరిగే డాబాకు మామూలుగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుని కడతారు. 15 అంగుళాల బ్యాగులో దాదాపు 40 లీటర్ల మట్టి పడుతుంది. తడిసినప్పుడు అది 50 కిలోలకు అటూఇటూగా ఉంటుంది. అంటే చదరపు మీటరుకు మూడు బ్యాగులు పెడితేనే లెక్క సరిపోయింది. శ్లాబు మీద అడుగు మందాన నేరుగా మట్టి పోస్తే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. ఇంజనీరును అడగకుండా ఆ పని చేయొద్దు.

పెద్ద కుండీలు, నీళ్ళ డ్రమ్ము పిట్టగోడ పక్కన, పిల్లర్ల మీద, బీముల వెంట పెట్టండి. శ్లాబు నడిమధ్యలో ఆకుకూరల ట్రేల్లాంటి తేలికైనవి ఉంచండి. ఇల్లు పాతదై, సీలింగ్‌లో ఇనుప చువ్వలు కనబడుతున్నా పెచ్చులూడుతున్నా ముందు ఆ రిపేరు చేయించండి, తర్వాతే తోట.

2. తేలికైన, నీరు నిలవని మట్టి కలపండి

కొలతలన్నీ ఒకే డబ్బాతో తీసుకోండి: ఎర్రమట్టి 2 పాళ్ళు, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) 1 పాలు, కోకోపీట్ 1 పాలు. బ్యాగుకు రెండు గుప్పిళ్ళ వేప పిండి. నల్లరేగడి మట్టే దొరికే ఊళ్ళో అయితే మట్టి ఒక పాలుకు తగ్గించి, ఒక పాలు ముతక ఇసుక కలపండి. లేకపోతే వానకు ముద్దయి, ఎండకు బీటలు వారుతుంది.

కోకోపీట్ ఇటుకను నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఒకసారి కడిగి పిండాకే వాడండి. అందులో ఉప్పు ఉండొచ్చు. తేలిగ్గా ఉంటుందని సగానికి సగం కోకోపీట్ వేసేవాళ్ళున్నారు. అది ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని తొందరగా పీల్చుకోదు, వానాకాలంలో నీటిని వదలదు. నాలుగో వంతు దాటనివ్వకండి.

పశువుల ఎరువు మాగిందో లేదో చూడటం తేలిక. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, నల్లగా ఉండాలి, తొలకరి మట్టివాసన రావాలి. పేడ వాసన వస్తున్నా కుప్ప లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా ఇంకా మాగలేదు. ఎండాకాలంలో పచ్చి ఎరువు వేస్తే ఉన్న వేడికి ఆ వేడి తోడై వేళ్ళు దెబ్బతింటాయి.

వంటింటి చెత్తతో కంపోస్టు చేసుకోవాలంటే రంధ్రాలున్న రెండు బకెట్లు చాలు. కూరగాయల తొక్కలు 1 పాలు వేస్తే ఎండుటాకులు 2 పాళ్ళు వేయాలి. పైన గ్లాసు పుల్లటి మజ్జిగ చల్లి, వారానికి రెండుసార్లు కలియబెట్టండి. వాసన కొడుతోందంటే తడి ఎక్కువైంది, ఇంకా ఎండుటాకులు వేయండి. ఎన్నాళ్ళయినా మారకపోతే ఎండిపోయింది, నీళ్ళు చిలకరించండి. రెండు నెలలు దాటాక ఒక కప్పు కంపోస్టులో పది మెంతులు చల్లి చూడండి. మామూలు మట్టిలో వచ్చినట్టే మొలిస్తే వాడుకోవచ్చు. మొలకలు రాకపోయినా, వచ్చి కొసలు మాడిపోయినా ఇంకో రెండు వారాలు ఆగండి. రాలిన ఆకుల్ని తగలబెట్టే ఇళ్ళు మీ వీధిలో ఉంటే ఆ ఆకులు అడిగి తెచ్చుకోండి. వాళ్ళకు పొగ బాధ తప్పుతుంది, మీకు ఎరువు వస్తుంది.

3. కుండీని చల్లబరచండి

ఈ ఒక్క పనీ సరిగ్గా చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కానీ ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

మధ్యాహ్నం మూడు గంటలకు మేడ ఎక్కి, పడమటి వైపున్న ఒక నల్ల బ్యాగు పక్కన చెయ్యి ఆనించండి. తర్వాత ఆ అంచుకు దగ్గరగా మట్టిలోకి వేలు రెండు అంగుళాలు దించండి. మట్టి మీ వేలికి వెచ్చగా తగిలిందంటే అక్కడ 35 డిగ్రీలు దాటినట్టే అనుకోండి. చాలా కూరగాయ మొక్కల వేళ్ళకు ఆ పైన కష్టం మొదలవుతుంది. అదే బ్యాగును తూర్పు వైపు తడిమితే తేడా మీకే తెలుస్తుంది. అలాంటి మొక్కను పెకలించి చూస్తే పడమటి అంచున వేళ్ళు గోధుమ రంగుకు మాడి ఉంటాయి, తూర్పున తెల్లగా ఉంటాయి. సగం వేళ్ళు పోయిన మొక్కకు ఎన్ని నీళ్ళు పోసినా తాగలేదు.

చేయాల్సినవి ఇవి:

- ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి శ్లాబుకు ఎడం చేయండి. గాలి ఆడుతుంది, శ్లాబు వేడి తగలదు, నీరు నిలవదు, డాబా కూడా చెమ్మ పట్టదు.
- నల్ల డబ్బాలకు, టబ్బులకు బయట సున్నం వేయండి. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపితే వానకు కొట్టుకుపోదు. గ్రో బ్యాగులకు సున్నం అంటుకోదు కాబట్టి గోనెసంచి చుట్టండి.
- మార్చి నుంచి జూన్ దాకా కుండీలను దూరం దూరంగా ఉంచకండి. పైన చెప్పిన బరువు లెక్క దాటకుండా గుంపుగా చేర్చండి. పెద్దవి, ఖాళీవి పడమటి వైపు అడ్డంగా, చిన్నవి లోపల.
- పడమటి పిట్టగోడ వెంట బీర, కాకర లాంటి తీగ పాకిస్తే అదే తెరలా పనిచేస్తుంది.

వారం తర్వాత అదే సమయానికి, అదే బ్యాగులో మళ్ళీ వేలు పెట్టి చూడండి. వేలికి చల్లగా తగలాలి.

4. మట్టిని కప్పండి

మట్టి పైన 2 నుంచి 3 అంగుళాల మందాన ఎండుటాకులు లేదా వరిగడ్డి పరవండి. దీన్నే మల్చింగ్ అంటారు. కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలండి. కాండానికి ఆనించి కప్పితే మొదలు కుళ్ళుతుంది. చెరకు రసం బండి దగ్గర పిప్పి ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని బాగా ఎండబెట్టాకే వాడండి, లేకపోతే చీమలు చేరతాయి. చీమలు వచ్చాయంటే వాటి వెనకే పిండినల్లి (మొక్క రసం పీల్చే తెల్లటి పురుగు) వస్తుంది. పచ్చిగడ్డి కోసి అప్పటికప్పుడు మందంగా వేయకండి, అది ముద్దయి వేడెక్కుతుంది.

తీరప్రాంతంలో ఉన్నవాళ్ళు ఒకటిన్నర అంగుళంతో సరిపెట్టుకుని, వారానికోసారి పైకెత్తి చూడండి. అడుగున తెల్ల బూజు ఉన్నా ఫరవాలేదు, అది ఆకుల్ని కుళ్ళబెట్టేదే. కాండం మీద బూజు ఉంటే మాత్రం వెంటనే తీసేయండి.

5. నీడ కట్టండి

కూరగాయలకు 50 శాతం షేడ్‌నెట్ సరిపోతుంది. 75, 90 శాతం నెట్లు నీడ మొక్కలకు, నర్సరీలకు. వాటి కింద బెండ, వంగ పొడుగ్గా సాగి పూత రాదు. నెట్ మొక్కల మీద ఆనకూడదు, కనీసం 7 అడుగుల ఎత్తులో ఉండాలి. కిందుగా కడితే వేడి గాలి అక్కడే ఉండిపోతుంది. నాలుగు వైపులా మూసేయకండి. పైన, పడమటి వైపున ఉంటే చాలు. తూర్పు ఎండ మొక్కకు కావాలి, తేనెటీగలు రావడానికీ దారి ఉండాలి.

జాగ్రత్త: మే నెలలో సాయంత్రం ఈదురుగాలి లేస్తే, బాగా కట్టని నెట్ పైపులతో సహా ఎగిరి కింద నడిచేవాళ్ళ మీద పడుతుంది. పైపులను పిట్టగోడకు క్లాంపులతో బిగించండి. నెట్‌ను జారుముడితో కట్టుకుంటే, మబ్బు పట్టగానే రెండు నిమిషాల్లో ఒక పక్కకు లాగేయొచ్చు. కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే ఆ వైపు ఇనుప పైపు అసలు పెట్టొద్దు.

నెట్ కొనలేకపోతే పాత తెల్ల పంచె, కాటన్ చీర కట్టినా పని జరుగుతుంది. మృగశిర కార్తె వచ్చి వానలు నిలకడగా పడటం మొదలవగానే నెట్ తీసేయండి. మబ్బు రోజుల్లో కూడా నెట్ ఉంచితే మొక్క పాలిపోతుంది.

6. నీళ్ళు పోయడం

ఉదయం ఏడు లోపు పోయండి. కుదరకపోతే పొద్దు గూకాక పోయండి. మధ్యాహ్నం పైపు విప్పితే మొదట వచ్చేది ఎండలో కాగిన నీళ్ళు. సాయంత్రమైనా సరే, కాసేపు బకెట్లోకి వదిలి, చెయ్యి పెట్టి చల్లగా ఉన్నాయని చూసుకున్నాకే మొక్కకు పట్టండి.

ఎంత పోయాలి? ముదిరిన ఎండల్లో 15 అంగుళాల బ్యాగులో కాపు మీదున్న మొక్కకు రోజుకు 2 నుంచి 3 లీటర్లు పడుతుంది. ఈ అంకె మొదలుపెట్టడానికే. అసలు లెక్క వేలితో తెలుస్తుంది. మల్చింగ్ పక్కకు జరిపి వేలు రెండు కణుపుల లోతు దించండి. చల్లగా తడి తగిలి మట్టి వేలికి అంటుకుంటే ఆ పూట నీళ్ళు అక్కర్లేదు. పొడిగా రాలిపోతే పోయండి.

“పోసిన నీళ్ళు కింద నుంచి వచ్చేస్తున్నాయి, కాబట్టి సరిపోయాయి” అనుకోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మట్టి ఒకసారి బాగా ఎండితే ముడుచుకుని బ్యాగు అంచును వదిలేస్తుంది. నీళ్ళన్నీ ఆ సందులోంచి జారి రంధ్రాల గుండా పోతాయి. పైన తడి, కింద మడుగు, మధ్యలో వేళ్ళున్న ముద్ద మాత్రం ఎండిపోయి ఉంటుంది. రెండు పూటలా పోస్తున్నా మాడిపోయే మొక్కల్లో చాలావాటి కథ ఇదే. అనుమానం ఉంటే నీళ్ళు పోసిన అరగంటకు చిన్న తాపీతో నాలుగు అంగుళాలు తవ్వి చూడండి. లోపల దుమ్ములా ఉంటే సన్న పుల్లతో అక్కడక్కడా గుచ్చి, అంచు సందును మట్టితో పూడ్చి, ముందు ఒక మగ్గు పోయండి. పది నిమిషాలు ఆగి మిగతా నీళ్ళు పోయండి. చిన్న కుండీ అయితే టబ్బు నీళ్ళలో అరగంట కూర్చోబెట్టి తీయండి.

ఇంకో పొరపాటు: మధ్యాహ్నం ఆకు వాలిపోతే కంగారుపడి నీళ్ళు పోయడం. సొర, గుమ్మడి, బీర లాంటి వెడల్పాటి ఆకులున్నవి ఎండ వేళకు మట్టి తడిగా ఉన్నా తలలు వాలుస్తాయి, సాయంత్రానికి లేస్తాయి. తెల్లవారాక కూడా వాలే ఉంటే అప్పుడు పట్టించుకోవాలి. అప్పుడు కూడా ముందు వేలితో చూడండి. మట్టి పొడిగా ఉంటే నీళ్ళు కావాలి. తడిగా ఉండీ వాలిందంటే వేళ్ళు కుళ్ళుతున్నాయి, నీళ్ళు ఆపేయాలి.

నీళ్ళు తక్కువున్న ఇళ్ళకు కుండ పద్ధతి చాలా మంచిది. రంగు వేయని, నునుపు పూత లేని మట్టి కుండను పెద్ద టబ్బు మధ్యలో మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టండి. కుండ గోడల్లోంచి నీరు నెమ్మదిగా ఊరుతుంది, చుట్టూ నాటిన మొక్కల వేళ్ళు అక్కడికే చేరతాయి. పాతే ముందు పరీక్ష చేయండి. కుండను రాత్రంతా నానబెట్టి, బయట తుడిచి, నీళ్ళు నింపి పొడి న్యూస్‌పేపర్ చుట్టండి. గంటలో కాగితం చెమ్మగిల్లితే కుండ పనికొస్తుంది. వేసవి సెలవులకు ఊరెళ్ళేవాళ్ళకు కూడా ఇదే ఆసరా. కుండీలన్నీ నీడకు చేర్చి, మందంగా మల్చింగ్ వేసి, కుండలు నింపి వెళ్ళండి. నాలుగు రోజులు దాటితే మాత్రం పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి వెళ్ళాల్సిందే.

ఏ నీళ్ళు వాడొచ్చు? ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు ఉండదు, నిశ్చింతగా పోయండి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు అదే రోజు పోస్తే మంచిదే. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే నీళ్ళలో మీ నల్లా నీళ్ళ కంటే ఉప్పు ఎక్కువ ఉంటుంది. రోజూ అవే పోస్తే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. సగానికి సగం మంచినీళ్ళు కలిపి, రెండు రోజులకోసారి మాత్రమే వాడండి. చిక్కుడు జాతి ఉప్పుకు అసలు ఆగదు, పాలకూర కొంత ఆగుతుంది. తెల్లపొర కనబడితే పైన అంగుళం మట్టి గీకి తీసేసి, ఏసీ నీళ్ళో వాన నీళ్ళో దండిగా పోసి కిందికి పారనివ్వండి. బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు తినే మొక్కలకు వద్దు.

7. కాలాన్ని బట్టి పంట ఎంచుకోండి

ఏప్రిల్‌లో టమాట నారు కొని నాటి, పూత నిలవలేదని బాధపడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25కు దిగకపోతే టమాట పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూత రాలిపోతుంది. దానికి మందు లేదు. టమాటను ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసుకుని చలికాలానికి కాపు తీసుకోండి.

ఎండకు ఆగేవి బెండ, గోరుచిక్కుడు, వంగ, తోటకూర, బచ్చలి, గోంగూర, దోస, మునగ, కరివేపాకు. తీగజాతి కూరగాయల గింజలు సంక్రాంతి వెళ్ళగానే పెట్టేస్తే, వేళ్ళు బాగా దిగాక ఎండలు వస్తాయి, ఏప్రిల్‌కు కాపు అందుతుంది. అదే గింజ ఏప్రిల్‌లో పెడితే మొలక దశలోనే మాడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రెండు వారాలు కొత్తగా ఏదీ నాటకండి, కొమ్మలు కత్తిరించకండి, ఎరువు వేయకండి. ఉన్నవాటిని కాపాడుకుంటే చాలు.

కొత్తిమీర, మెంతి ఎండకు తొందరగా పూతకొస్తాయి. కావాలంటే నెట్ కింద, తూర్పు ఎండ మాత్రమే పడేచోట కొద్దికొద్దిగా వేసుకోండి. పందిరి చిక్కుడు దేశవాళీ రకాలు పగటి పొద్దు తగ్గితేనే పూస్తాయి. ఏ నెలలో పెట్టినా కాపు చలికాలంలోనే. కాబట్టి జూలైలో పెట్టండి, ముందే పెట్టి చోటు వృథా చేయకండి.

వీలైనంతవరకు నాటు విత్తనం వాడండి. మీ మిద్దె మీది ఎండను తట్టుకుని బాగా కాసిన ఒక బెండ మొక్క మీద రెండు కాయలు ఎండనిచ్చి గింజ తీసుకోండి. బూడిద పట్టించి గాజు సీసాలో దాచి, వచ్చే ఏడు అవే పెట్టండి.

8. పూత నిలవకపోతే

సొర, బీర, కాకర, గుమ్మడిలో మగపూలు, ఆడపూలు వేరువేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వు కింద వట్టి కాడ ఉంటుంది. ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో మగపూలే ఎక్కువ వస్తాయి. అది రోగం కాదు, కొంత ఓపిక పట్టండి.

ఆడపువ్వు వచ్చి కూడా పిందె పసుపుబారి రాలిపోతుంటే పరాగం అందలేదన్నమాట. మగపువ్వు కోసి రేకులు తుంచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు మధ్యనున్న జిగట భాగానికి మెల్లగా రుద్దండి. వేళ ముఖ్యం: బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి, దోస తెల్లవారుజామున. బీరకు ఉదయం పది గంటలకు రుద్దితే లాభం లేదు. మూడు నాలుగు రోజుల్లో పిందె కిందికి వంగి లావెక్కితే పని జరిగినట్టు. వంగ, మిరప, టమాటలకు ఉదయం పూట కొమ్మను వేలితో రెండుసార్లు మీటితే చాలు.

తోటలో ఒక కుండీ తులసి, ఒకటి బంతి ఉంచండి. పక్కనే చిప్పలో గులకరాళ్ళు వేసి కాసిని నీళ్ళు పెడితే తేనెటీగలు దాహానికి వస్తాయి. ఆ నీళ్ళు రోజూ మార్చండి.

9. పురుగులు

పొడి ఎండల్లో ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, వెనక సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తాయి. తెల్ల కాగితం మీద ఆకును తట్టి చూడండి, ఎర్రటి చుక్కలు కదిలితే అదే. మందు కంటే ముందు మూడు రోజులు ఉదయం పూట ఆకుల వెనక నీళ్ళు గట్టిగా కొట్టండి. చాలావరకు పోతుంది. పిండినల్లి కొద్దిగా ఉన్నప్పుడే పాత టూత్‌బ్రష్‌ను కుంకుడు రసంలో ముంచి రుద్దేయండి, చీమల దారి కూడా చెరిపేయండి. తెల్లదోమకు పసుపు జిగురు అట్ట మొక్క తల ఎత్తులో కట్టండి.

వేపనూనె కొట్టాలంటే 5 మిల్లీలీటర్ల నూనెలో ముందు చెంచాడు చిక్కటి కుంకుడు రసం కలిపి, తర్వాత లీటరు నీళ్ళు పోస్తూ గిలకొట్టండి. నూనె పైకి తేలితే సరిగ్గా కలవలేదు. ఒక్క ఆకు మీద కొట్టి మర్నాటి దాకా చూడండి. మాడకపోతేనే మిగతా మొక్కలకు, అదీ పొద్దు గూకాకే. ఎండలో కొడితే పురుగు కంటే ముందు ఆకు చస్తుంది. వారం ఆగి మళ్ళీ కొట్టాలి. ఒక్కసారికి ఫలితం రాలేదని మోతాదు పెంచొద్దు.

10. వానకు ముందు, వాన తర్వాత

మే చివరికల్లా డాబా నీటి గొట్టాల మూతులు శుభ్రం చేసి జాలీ బిగించండి. ఆకులు అడ్డుపడి నీరు నిలిస్తే తోటా పోతుంది, శ్లాబూ పాడవుతుంది. ప్రతి బ్యాగు రంధ్రాల్లోకి పుల్ల పెట్టి వేళ్ళు, మట్టి అడ్డం లేకుండా చూడండి. కింద పళ్ళేలు ఉంటే తీసేయండి.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్లు పడితే 2,000 లీటర్లు. కొంత పోయినా చాలా మిగులుతాయి. మొదటి వాన దుమ్ము నీళ్ళు వదిలేసి, తర్వాతివి డ్రమ్ములోకి మళ్ళించి మూతికి దోమతెర గుడ్డ బిగించి కట్టండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది. శుక్రవారం డ్రై డే అని పంచాయతీ, మున్సిపాలిటీ వాళ్ళు చెప్పేది అందుకే. ఆ రోజు మేడ మీద నీరు నిలిచిన ప్రతి చిప్పా, ప్రతి మూతా బోర్లించండి.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. ఆ హెచ్చరిక వస్తే ముందురోజు నీళ్ళు పోయకండి, నారు ట్రేలు లోపలికి తెచ్చుకోండి, పొడుగు మొక్కలకు కర్ర కట్టండి, మల్చింగ్ పలచన చేయండి.

వాన వెలిశాక చేసే పనిలోనే అసలు తేడా ఉంటుంది. గంటసేపట్లో బ్యాగు కింద నుంచి నీరు కారడం ఆగాలి. పైన ఇంకా మడుగు నిలిచే ఉంటే బ్యాగును ఒక పక్కకు వంచి, కింద పక్కలకు రెండు కొత్త రంధ్రాలు పెట్టండి. మట్టికి ఆనిన కింది ఆకులు తుంచేయండి, చిందిన బురద ద్వారానే తెగుళ్ళు అంటుకుంటాయి. కాండం మొదలు మెత్తబడి నల్లగా ఉన్న మొక్కను పీకి బయట పారేయండి, కంపోస్టులో వేయొద్దు.

మొక్క గట్టిగానే ఉండి ముదురాకులు మాత్రం పసుపుబారాయంటే పోషకాలు వాన నీటితో కొట్టుకుపోయాయి. మట్టి పైపైన ఆరాక బ్యాగుకు రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్ట్ వేయండి. జీవామృతం అలవాటున్నవాళ్ళు చిన్న కొలతలో చేసుకోవచ్చు: 10 లీటర్ల నీళ్ళు, అరకిలో ఆవుపేడ, అరలీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి. నీడలో ఉంచి రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పుతూ 48 గంటలయ్యాక, పదింతలు నీళ్ళు కలిపి తడి మట్టిలో పోయాలి. వారంలోపే వాడేయాలి. పుల్లటి వాసన ఉండొచ్చు, కుళ్ళు వాసన వస్తే పారబోయండి. పది రోజుల్లో కొత్త చిగురు ముదురు ఆకుపచ్చగా వస్తే సరిపోయింది. చిగురు కూడా పాలిపోయే ఉంటే మళ్ళీ ఎరువు వేయకుండా ఒక మూల తవ్వి వేళ్ళు చూడండి. తెల్లగా ఉంటే ఇంకో వారం ఆగండి. గోధుమ రంగులో మెత్తగా ఉంటే ఆ బ్యాగు మట్టిని ఎండలో పరిచి ఆరబెట్టి, కొత్త ఎరువు కలిపి, అందులో తోటకూర చల్లుకోండి. పాతిక, ముప్పై రోజుల్లో కూర కోతకు వస్తుంది, ఈలోగా టమాట నారు నాటే వేళ కూడా అవుతుంది.